భాగ్యరెడ్డి వర్మ లెక్కలో ముందు పిల్లోడు, ఆ తర్వాతే గోడ

మొన్నామధ్య ఒక ఊరి బడి కమిటీ మీటింగుకు పోతి. అయివారు ఒక కాగితం తీసి ముందర పెట్టినాడు. బడి అభివృద్ధి ప్రణాళిక అంట. కాంపౌండు గోడ, రంగులు, ఫ్యాన్లు, గేటు. అంతే ఉండాది దాంట్లో. కమిటీలో ఉండే ఎస్సీ కాలనీ అక్క యాడ సంతకం పెట్టల్లో అడిగి, పెట్టేసి, కూలికి టైమయిందని లేసిపోయింది. ఆయక్క కొడుకు ఆరు నెల్లుగా బడికి రాలే. శెనక్కాయ పంట ఎండిపోయినాక వాళ్ల నాయనతో పాటు బెంగళూరు పోయినాడు. ఆ పిల్లోని మాట ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నేనన్నా నోరు తెరిసి అడిగితినా అంటే, అడగలే. తప్పు నాది గూడా.

ఆ రాత్రి నిద్ర పట్టక పండుకోనుంటే నాకు గుర్తొచ్చిన మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ. మన పిల్లోల్లలో శానామందికి ఆ పేరు తెలీదు. యాలంటే మన పుస్తకాల్లో ఆయప్పకు దొరికిన జాగా తక్కువ.

1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టినాడు. అప్పుడు పేరు భాగయ్య. మనది ఒకప్పుడు ఈ నేలను ఏలిన జాతి అని చెప్పి, వాళ్ల ఇంటి గురువు పేరులో రెడ్డి చేర్చినాడంటారు. వర్మ అనే బిరుదు ఆర్యసమాజం వాళ్లు తర్వాత ఇచ్చినారు. చిన్నప్పుడే ఇల్లు వదిలి, ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరినాడు. చదువు, లోకజ్ఞానం ఆ ఇంట్లోనే అబ్బినాయి. ఊరి బయట పుట్టినోనికి పెద్ద బడి వాకిలి తెరుసుకోలే, పనికి పోయిన ఇంట్లో తెరుసుకుంది. ఆ సంగతి ఆయప్ప బతికినన్నాళ్లూ మర్సిపోలేదని నా నమ్మకం.

1906లో జగన్మిత్ర మండలి పెట్టినాడు. అప్పటికి ఆయప్పకు పద్దెనిమిదేండ్లు. నేరుగా బడి కట్టలే, చూడండి. ముందు వాడల్లోకి పోయినాడు. హరికథలు చెప్పించినాడు. తాగుడు వద్దు, చిన్నపిల్లలకు పెండ్లి వద్దు, ఆడపిల్లల్ని దేవుని పేరుతో జోగినుల్ని చెయ్యొద్దు అని ఇంటింటికీ చెప్పినాడు. చదువు లేని అమ్మానాయన్లకు చదువు మీద ఆశ పుట్టించేది మొదటి పని అని ఆయప్పకు తెలుసు. 1911లో ఆ మండలే మాన్య సంఘం అయింది. తర్వాత ఆది హిందూ పేరు పెట్టుకుంది.

1910లో బడి పని మొదలుపెట్టినాడు. ఇసామియా బజారు, లింగంపల్లి లాంటి చోట్ల, వాడకు దగ్గర్లో. మొదట్లో సొంత డబ్బులతోనే. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో ఉండే కాలం అది. మన వాడల్లో మాట తెలుగు. ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట అయితే పిల్లోడు మొదటి నెల్లోనే ఎగ్గొడతాడు కదప్పా. అందుకే ఆయప్ప బడుల్లో తెలుగులోనే చెప్పించినాడు. ఒకటి రెండు బడులు పెరిగి పెరిగి ఇరవై అయిదు దాకా అయినాయి. రెండు వేలకు పైగా పిల్లోల్లు చదివినారు. 1934లో నిజాం సర్కారు ఆ బడుల్ని తన చేతిలోకి తీసుకుంది. చందాలతో బతికే బడి ఎన్నాళ్లో బతకదు. జీతం, జాగా, పుస్తకం ఇచ్చే బాధ్యత సర్కారుదే. ఆ బాధ్యత సర్కారు నెత్తిన పెట్టేదాకా ఇరవై ఏండ్లకు పైన ఆయప్ప బడుల్ని మోసినాడు.

ఈ మధ్యలో 1917లో బెజవాడ సభకు అధ్యక్షత చేసినాడు. పంచములు అనే పేరు మాకొద్దు, ఈ నేలకు మొదటి మనుషులం మేమే అని ఆడ తేల్చి చెప్పినాడు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యంలో ఆది హిందువులు అనే పేరు ఎక్కింది. అదే ఏడు భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టినాడు. బడి రిజిస్టరులో పిల్లోని పేరు పక్కన ఏం రాస్తాండారనేది గూడా చదువులో భాగమే అని ఆయప్ప లెక్క. 1939 ఫిబ్రవరి 18న పోయినాడు. యాభై ఒక్క ఏండ్లు గూడా నిండలే. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ఆయప్ప గుర్తు.

ఇప్పుడు నల్లమాడకు వస్తాం. భాగ్యరెడ్డికి చట్టం లేదు. మనకు ఉండాది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండల్ల. నాలుగు వంతులు చేస్తే మూడు వంతులని అర్థం. సగం మంది ఆడోళ్లు ఉండల్ల. వెనకేసిన కులాల, పేదోళ్ల పిల్లల అమ్మానాయన్లు వాళ్ల జనాభాకు తగినట్ల ఉండల్ల. 22వ సెక్షను ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీనే. సర్కారు ఇచ్చే డబ్బుకు ఆ ప్రణాళికే ఆధారం. అంటే ఆ కాలనీ అక్క సంతకం పెట్టే మనిషి కాదు, రాయించే మనిషి. మనమే ఆయమ్మను వేలిముద్ర మాదిరి చేసినాం.

గోడ వద్దని నేననను. గోడ కావల్ల, మరుగుదొడ్డి ఇంకా కావల్ల. అయితే భాగ్యరెడ్డి వరస ఏందంటే ముందు మనిషి, తర్వాత కట్టడం. వాడకు పోయి, పిల్లోల్ల లెక్క తీసి, అమ్మానాయన్లతో మాట్లాడి, వాళ్లకు అర్థమయ్యే మాటలో బడి నడిపినాడు. మన కాగితం వెనక నుంచి మొదలుపెడతాంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతిలో ఫోను ఉండాది, అక్షరం ఉండాది. ఈసారి మీ ఊరి మీటింగుకు మీరూ పోండి. నాలుగు సంగతులు అడగండి. పోయిన ఏడు పేరుండి ఈ ఏడు రాని పిల్లోల్లు ఎంతమంది, ఏ వీధోళ్లు? వలస పోయే ఇండ్ల పిల్లలకు సీజనల్ హాస్టలు అడిగినారా? అయిదో తరగతి పిల్లోడు రెండో తరగతి పుస్తకం చదవగలడా, చదవలేకపోతే ఎవరు, ఏ గంటలో నేర్పుతారు? కాగితంలో రాసింది కమిటీలో ఉండే అమ్మకు తెలుగులో చదివి వినిపించినారా?

జవాబు రాకుంటే ఆ ప్రశ్నల్నే ప్రణాళికలో రాయించండి. నేను ఆ అక్క ఇంటికి రేపు పొద్దున పోతాండా. కొడుకు యాడుండాడో, ఎప్పుడొస్తాడో ముందు అడగల్ల. కాగితం సంగతి ఆమె చెప్పినాక చూస్తాం.