చిత్రోపాధ్యాయిని కొరీటా

లోకమున చిత్రకారులు పెక్కుమంది కలరు. తాము చూచిన దానిని ఇతరులకు చూపగలవారు కొందరే. ఇతరులకు చూచుటయే నేర్పగలవారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన వారిలో అమెరికా దేశస్థురాలగు కొరీటా కెంట్ గణనీయురాలు.

ఆమె 1918వ సంవత్సరము నవంబరు 20వ తేదీన అయోవా రాష్ట్రమందలి ఫోర్ట్ డాడ్జ్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఫ్రాన్సెస్ ఎలిజబెత్. ఆరుగురు సంతానములో ఆమె అయిదవది. ఆమె బాల్యముననే ఆ కుటుంబము కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిల్స్ నగరమునకు చేరి అచట స్థిరపడెను. పాఠశాల చదువు ముగియగానే, 1936లో, ఆమె ఇమ్మాక్యులేట్ హార్ట్ అను కన్యాస్త్రీల మఠమున చేరి సిస్టర్ మేరీ కొరీటా అను పేరు దాల్చెను. 1941లో పట్టము పొంది, పిదప కొంతకాలము కెనడా దేశమందలి బ్రిటిష్ కొలంబియాలో చిన్నపిల్లలకు చదువు చెప్పెను. అనంతరము లాస్ ఏంజిల్స్‌లో మఠమువారు నడుపుచున్న కళాశాలలో చిత్రలేఖనము బోధించుటకు నియుక్తురాలయ్యెను.

ఆమె స్వీకరించిన పద్ధతి స్క్రీన్ ప్రింటింగ్. చట్రమునకు బిగించిన సన్నని గుడ్డగుండ రంగును రబ్బరుపలకతో ఒత్తి లాగినచో క్రిందనున్న కాగితముపై బొమ్మ అచ్చుపడును. ఒకే బొమ్మను అనేక ప్రతులుగా తీయవచ్చును గనుక వెల తగ్గును. ధనికుల మేడలలోనే గాక సామాన్యుల ఇండ్లలోను చిత్రములుండవలెనని ఆమె కోరిక. 1952లో ఆమె అచ్చువేసిన చిత్రమునకు బహుమతులు లభింపగా ఆమె పేరు వెలుగులోనికి వచ్చెను.

1962లో ఆండీ వార్హోల్ అను చిత్రకారుడు సూపుడబ్బాలను వర్ణించిన 32 చిత్రములను లాస్ ఏంజిల్స్‌లో ప్రదర్శించెను. అంగడి సరకులను, ప్రకటనలను చిత్రవస్తువులుగా గ్రహించు ఈ నూతన రీతికి పాప్ ఆర్ట్ అని పేరు. ఆ ప్రదర్శనము కొరీటాను మిగుల ఆకర్షించెను. అంతట ఆమె వండర్ బ్రెడ్ అను రొట్టె పొట్లముమీది రంగుచుక్కలను గ్రహించి, వానియందు దేవాలయమున పంచిపెట్టు పవిత్రమైన అప్పమును స్ఫురింపజేసెను. నిత్యము చేతికి తగులు పొట్లములోగూడ పవిత్రత కలదని ఆమె విశ్వాసము.

ఆమె బోధనలోని విశేషమును గమనింపదగును. ఆమె ఒక అట్టముక్క నడుమ చిన్న రంధ్రము చేసి, దానిగుండ లోకమును చూడుమని విద్యార్థినులకు చెప్పుచుండెను. చుట్టుప్రక్కలది మరుగుపడి, రంధ్రములో కనబడినది మాత్రమే చూపునకు అందును. అప్పుడు గోడమీది పగులు, ప్రకటనలోని ఒక అక్షరపు వంపు, డబ్బాయొక్క అంచు గూడ చక్కని చిత్రములగును. ఆమె విద్యార్థినులను వెంటబెట్టుకొని కిరాణా దుకాణములకును, పెట్రోలు బంకులకును పోయి, అచటి బొమ్మలను పరిశీలింపజేసెడిది. నూరేసి బొమ్మలు గీయుడని ఇంటిపని ఇచ్చెడిది. మొదటి పది బొమ్మలకు తెలిసినదంతయు తీరిపోవును. ఆపైననే నిజముగా చూచుట ఆరంభమగునని ఆమె యెరుంగును. గీయునపుడే తప్పులెన్నుకొనవద్దనియు, పనిచేయుచు పోవుటయే మార్గమనియు ఆమె బోధించెను.

కళాశాలలో ఏటేట జరుగు మేరీమాత ఉత్సవము అంతవరకు గంభీరముగా సాగెడిది. 1964లో ఆమె ఆధ్వర్యమున అది రంగుల పండుగయయ్యెను. పూలు, జెండాలు, అంగడి ప్రకటనపత్రములతో విద్యార్థినులు ప్రాంగణమును అలంకరించిరి. ఆకలిగొన్నవారికి అన్నమందవలెనని ఆ యుత్సవము చాటెను. మరుసటి సంవత్సరము న్యూయార్క్ నగరమున ఐ.బి.ఎం. కంపెనీ ప్రదర్శనశాలలో క్రిస్మసు సందర్భమున వారు అట్టపెట్టెలను పేర్చి, వానిపై చిత్రములు వేసి, శాంతిసందేశమును రూపొందించిరి. అది వియత్నాం యుద్ధమునకు ప్రతికూలముగా నున్నదని కొందరు ఆక్షేపించిరి.

కీర్తితోపాటు వ్యతిరేకతయు పెరిగెను. ఒక చిత్రములో ఆమె మేరీమాతను టొమాటోపండుతో పోల్చగా పలువురు అపచారమని తలచిరి. నగరపు మతాధిపతియగు కార్డినల్ మెకింటైర్ ఆమె చిత్రములను మాత్రమే గాక, మఠమందు సోదరీమణులు తలపెట్టిన సంస్కరణములను గూడ నిరసించెను. బోధన, చిత్రరచన, ప్రయాణములు, ఈ సంఘర్షణము, అన్నియు కలిసి ఆమెను అలసింపజేసెను. 1968లో ఆమె ముప్పదిరెండేండ్లుగా తనకు గృహమైన మఠమును విడిచి బోస్టన్ నగరమునకు పోయి ఒంటరి జీవితమును ఆరంభించెను. ఆమె విడిచినది మఠమునే గాని, తన వెనుకటి సోదరీమణుల మీది ప్రేమను గాదు.

1971లో బోస్టన్‌లో సుమారు 140 అడుగుల యెత్తుగల గ్యాసు ట్యాంకుమీద ఆమె రూపకల్పనను అనుసరించి ఇంద్రధనుస్సు వన్నెల పెద్ద చారలు చిత్రింపబడెను. కంటికి ఇంపుగాని కర్మాగారపు ట్యాంకు నగరమునకు అలంకారమయ్యెను. 1992లో ఆ ట్యాంకును తొలగించినప్పుడు ప్రక్కనున్న ట్యాంకుమీద ఆ చారలను మరల వేసిరి. 1974లో ఆమెకు క్యాన్సరు వ్యాధి కలదని తెలిసినను ఆమె పని మానలేదు. 1985లో ఆమె గీసిన ప్రేమచిహ్నము తపాలాబిళ్ళగా వెలువడి 70 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. 1986 సెప్టెంబరు 18వ తేదీన ఆమె తనువు చాలించెను. అమ్ముడుపోని చిత్రములను, వానిపై హక్కులను తన పూర్వపు సోదరీమణుల సంఘమునకే ఒసగిపోయెను.

కళ నేర్చుకొనుటకు విలువైన రంగులు, పెద్ద శాలలు లేవని చింతింప బనిలేదు. అట్టముక్క, చిన్న రంధ్రము, ఓపికగల చూపు, ఇవియే కొరీటా తన విద్యార్థినులకు ఇచ్చిన పనిముట్లు. పారవేసిన పొట్లమునందు గూడ సౌందర్యమును కనుగొనగలవాడు, సాటి మనుజుని యందు దానిని కనుగొనకుండునా?