బ్రౌను దొర

ఒకే పద్యము పది ప్రతులలో పది విధములుగా నున్నచో, కవి వ్రాసినది ఏదని తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో కాలమును, ధనమును ధారపోసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను బహుభాషావేత్త. 1817లో బ్రౌను ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు కడ తెలుగు నేర్చెను. పిమ్మట కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల ఉద్యోగము చేసెను.

ఆ కాలమున తెలుగు కావ్యములు చాలవరకు తాటాకులపైననే యుండెడివి. లేఖకుడొకడు అక్షరము తప్పిన, దానిని చూచి వ్రాయువాడు ఆ తప్పును నిలిపి, మరియొకటి చేర్చును. ఒక ప్రతిలో దిద్దిన తప్పు తక్కినవానిలో అట్లే యుండును. ప్రతులు పెరిగినకొలది సందేహములును పెరిగెను.

బ్రౌను వేమన పద్యముల ప్రతులను పలుతావులనుండి తెప్పించి, పోల్చి చూచి, కొన్నిటిని ఏర్చి, 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఇతర కావ్యముల విషయమునను ఇట్లే చేసెను. పండితులు తలకొక ప్రతిని చేతబట్టి కూర్చుండగా, ఒకరు చదువుచుందురు. భేదము కన్పట్టినచోట ఆగి, చర్చించి, సరియైన పాఠమును నిర్ణయింతురు. ఇట్లు పెక్కు ప్రతులనుండి నమ్మదగిన ప్రతి యొకటి సిద్ధమగును. పండితుల జీతములకు తన సొమ్మే వెచ్చించి, ఆయన అప్పులపాలయ్యెను. అయినను పని విడువలేదు.

1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. అందు ఒక పదమునకు రూపభేదములున్నచో, అర్థమును ప్రతిచోట వ్రాయక, ప్రధానరూపమును చూడుమని సూచించుట కలదు. 1970లో ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరులలో సమాచారమును అమర్చుటకు చూపిన మార్గమునందును ఇట్టి వివేకమే కలదు. ఒక విషయమును ఒక్కచోటనే వ్రాసి, తక్కినచోట్ల దానిని సూచించిన, తప్పు దొరలినప్పుడు ఒక్కచోట దిద్దిన చాలును. పలుచోట్ల వ్రాసిన, ఏదో యొకచోట తప్పు మిగిలిపోవును.

బ్రౌను ఉద్యోగము చాలించి ఇంగ్లండు చేరి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12న కన్నుమూసెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. పరదేశీయుడయ్యు మన కావ్యములకు ఆయన చేసిన సేవ మరువరానిది. పుస్తకములను కూడబెట్టుట మాత్రమే చాలదు. అందలి తప్పొప్పులను ఓర్పుతో తేల్చుటయే విద్యకు నిజమైన సేవ.