మాదిగపల్లెను వదులుకోని క్లౌ దొర

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన విద్యార్థులకు క్లౌ దొర పేరు కొత్త కాదు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి కట్టారు. అయితే ఆయన వేలమందిని క్రైస్తవంలో చేర్చారన్నంత వరకే మనలో చాలామందికి తెలుసు. ఆ పనికి ఎవరు అడ్డం వచ్చారో, ఆ దెబ్బలు ఎవరి వీపు మీద పడ్డాయో అంతగా చెప్పుకోము. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ సంగతి రాస్తున్నాము. మన హాస్టల్లో అన్ని మతాల వాళ్ళమూ ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటాము. కాబట్టి ఇది ఏ మతం గొప్పో తేల్చడానికి రాసింది కాదని మనవి.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలో భూములు కొలిచే సర్వే పని చేశారు. లాయరు కావాలనుకున్నవారు చివరకు బాప్టిస్టు మిషనరీ అయ్యి, భార్య హ్యారియెట్‌తో కలిసి 1865లో నెల్లూరు చేరారు. ఏళ్ళ తరబడి పనిచేసినా విశ్వాసులు పెరగక, ఆ మిషనును మూసేద్దామని అమెరికాలోని పెద్దలు అంతకుముందే ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1866లో క్లౌ గారు ఒంగోలుకు మకాం మార్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైన రోజు సభ్యులు 8 మంది మాత్రమే.

ఆ జనవరిలోనే తాళ్లకొండపాడు నుంచి కబురు వచ్చింది. అక్కడి యర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. యోగ సాధన చేసి, గురువుల దగ్గర కూర్చుని, సత్యం కోసం ఊళ్ళు తిరిగిన మనిషి. ఏడాది క్రితమే ఆయన, భార్య నాగమ్మ గారు బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య గారి మాట విని నమ్మినవారిలో 28 మందికి క్లౌ గారు ఆ ఊళ్ళో బాప్తిస్మం ఇచ్చారు.

చిక్కు అక్కడే మొదలైంది. ఒంగోలులో పై కులాల పెద్దలు క్లౌ గారితో స్నేహంగా ఉండేవారు. తమ పిల్లలను ఆయన బడికి పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలూ రారు అని వాళ్ళు తేల్చి చెప్పారు. క్లౌ గారు నిజంగానే ఇరకాటంలో పడ్డారు. పెద్ద కులాలు వస్తే మిగిలినవాళ్ళు వెనుక వస్తారని ఆనాటి మిషనరీల్లో చాలామంది నమ్మేవారు. ఆ రాత్రి భార్యాభర్తలు ఇద్దరూ వేరు వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందట. లోకం నీచమని తోసేసిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీ సంఘానికి రాసిన మాట అది. మాదిగలు వస్తారని ఆయన నిర్ణయించారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. ఆయన వారిని దూషించలేదు, బతిమాలనూ లేదు.

బడి ఖాళీ అయితే దొరకు పోయింది పరపతి మాత్రమే. పల్లెల్లో అలా కాదు. క్రైస్తవులైనవారు చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అంటే జాతరలో డప్పు కొట్టేవాడు ఉండడు, పిలవగానే వెట్టికి వచ్చేవాడు ఉండడు. ఊరి పెద్దల కోపానికి మూలం దేవుడికన్నా ఇదేనని మా అభిప్రాయం. చాకలి బట్టలు ఉతకకూడదన్నారు, కుమ్మరి కుండలు అమ్మకూడదన్నారు, నీళ్ళ దగ్గర అడ్డుకున్నారు, పనులు ఇవ్వడం మానేశారు. అన్యాయం మితిమీరిన చోట క్లౌ గారు అధికారులకు చెప్పుకునేవారు. తెల్లదొర కాబట్టి ఆయన మాట చెల్లింది. మిగిలిన చోట్ల ఓర్చుకున్నది మాత్రం పల్లెవాళ్ళే. ఆ మాట రాయకపోతే ఈ కథ సగమే.

1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వే చదువు అక్కడ అక్కరకు వచ్చింది. అన్ని కులాల వాళ్ళూ వచ్చి పలుగు పార పట్టారు. పేరయ్య గారిలాంటి బోధకులు మేస్త్రీలుగా ఉండి, కూలి డబ్బు మోసం లేకుండా ఇప్పించారు, తీరిక వేళ క్రీస్తు కథ చెప్పారు. బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడిగారు. గంజి కోసం మతం మారుతున్నారన్న నింద ఎప్పటినుంచో ఉంది. ఆ నిందకు ఆయన వాదనతో జవాబు చెప్పలేదు. సుమారు 15 నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశారు. మాకు నచ్చింది ఇదే. లెక్కలు పెంచుకునే అవకాశం చేతికి వచ్చినా కాదన్నారు.

కరువు తీరింది, ఇక సాయం డబ్బు లేదు అని చెప్పినా జనం తిరిగి పోలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తొందరపడ్డారని తోటి మిషనరీల్లోనే కొందరు తప్పుపట్టారు. ఆ రోజు ఏటిలో దిగి ఆ పని చేసింది ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున.

క్లౌ గారు 1910 నవంబరు 24న అమెరికాలో కన్నుమూశారు. ఆయన రెండో భార్య ఎమ్మా గారు, పేరయ్య గారి వంటి మాదిగ పెద్దల బతుకులను వారి నోటనే విని, చెప్పులు కుట్టే పనినే పేరుగా పెట్టి 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు.