వైయాకరణుఁడు పాణిని

అతి, అంత అను రెండు పదములు కలసి అత్యంత మగుటను మన బాలబాలికలు యణాదేశసంధి యని తరగతిలో వల్లించుచుందురు. ఆ సంధికి మూలమైన సూత్రమును రచించిన పాణిని చరిత్రమును ఇచట కొంత వ్రాయఁదలఁచితిమి.

పాణిని క్రీస్తుపూర్వము 5, 4 శతాబ్దముల ప్రాంతమున నుండెనని పెక్కుమంది పండితు లెంచుచున్నారు. ఆయన యూరు శలాతురము. అది నేఁటి పాకిస్తానములో సింధునదికి చేరువ నుండెను. తల్లి పేరు దాక్షి. చిన్ననాఁట చదువు రాక గురుకులమును విడిచి హిమవంతమునకుఁ బోయెనని కథాసరిత్సాగరమును, సింహము వాతఁ బడి మరణించెనని పంచతంత్రమును చెప్పుచున్నవి. ఇవి కథలు. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు శలాతురమున ఆయన ప్రతిమ యుండుటను వ్రాసియుంచెను.

ఆయన రచించిన అష్టాధ్యాయికి 8 అధ్యాయములును, ఇంచుమించు 4,000 సూత్రములును గలవు. కంఠస్థము చేయవలసిన గ్రంథము గావున ఆయన ఒక్క యక్షరమునైనను వ్యర్థము చేయలేదు. ఒక సూత్రములోని పదము తరువాతి సూత్రములకును అన్వయించును. 14 చిన్న సూత్రములలోని వర్ణక్రమమును బట్టి ఒక్కొక్క వర్ణముల గుంపునకు పొట్టి పేరు గలదు. మనము ఓనమాలతోఁ బాటు నేర్చు అచ్చు, హల్లు అను పేరు లట్టివే. అయితే ఈ పొదుపే తరువాతివారికి చిక్కు తెచ్చెను.

రెండువేల యేండ్లకుఁ బైగా గడచిన పిదప, 1959లో అమెరికా దేశస్థుఁడగు జాన్ బాకస్, కంప్యూటరున కాజ్ఞలిచ్చు ప్రోగ్రామింగు భాషల వ్యాకరణమును సూత్రములుగ వ్రాయు పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఆయన పాణినిని అనుకరించెనని మేము చెప్పము. అయినను పోలికను గమనించి 1967లో ఇంగర్‌మన్ అను నతఁడు ఆ పద్ధతికి పాణిని పేరునుగూడఁ జేర్పవలసినదని సూచించెను. పాణిని ధాతువునుండి పదమును సాధించును. కంప్యూటరులోని పార్సరు వ్రాసియున్న వాక్యమును చూచి, అది యే సూత్రములచే నేర్పడెనో వెనుకకు వెదకును.

దారులు వేఱైనను ఇరువురికిని ఒక చిక్కు సమానము. ఒకే తావున రెండు సూత్రములు వర్తించినచో దేనిని గైకొనవలెను? వాన కురిసినచో, గొడుగు దొరకినచో బడికి రమ్ము, కానిచో ఇంట నుండుము అను నాజ్ఞలో ఆ కడపటి మాట వానకుఁ జెందునా, గొడుగునకుఁ జెందునా? పార్సరు ఇట్టిచోటఁ దడఁబడకుండుటకై, అది దగ్గఱి దానికే చెందునని పెక్కు భాషలలో నియమము చేసిరి. పాణినియు, రెంటికి విరోధము గలిగినపుడు తరువాతిది నెగ్గునని యొక సూత్రము వ్రాసెను. తరువాతిది యనఁగా గ్రంథములో వెనుక వచ్చు సూత్రమని పూర్వవ్యాఖ్యాత లర్థము చెప్పి, కుదరనిచోట్ల నెన్నో మినహాయింపులు చేసిరి. కాదు, పదమునఁ గుడివైపు భాగమునకుఁ జెందిన కార్యమని కేంబ్రిడ్జి పరిశోధకుఁడు రిషి రాజపోపట్ 2022లో వాదించెను. కొందఱు పండితులు దాని నొప్పుకొనలేదు.