జెర్డన్ డాక్టరు విన్న అరుపు



ఈ నెల మీ పిల్లలకు ఒక డాక్టరు కథ చెప్పండి. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఇంగ్లండులో 1811లో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా 1836లో మద్రాసు వచ్చారు. ఉద్యోగం రోగులతో, ధ్యాసంతా పక్షులు, పాములు, చీమల మీద.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఆయన యానాదులను అడిగి అడవి సంగతులు తెలుసుకునేవారు. వాళ్లకు తెలిసినంత ఏ కాలేజీలో చెబుతారు? ఆయన రాసిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో (1862–64) చాలా పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఉంటాయి.

నెల్లూరు, కడప వైపు రాళ్ల నేలల్లో, పలచని చిట్టడవిలో ఆయనకు ఒక కొత్త పక్షి దొరికింది. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి మనకు కలివి కోడి. జెర్డన్ దాని గురించి రాసింది కొద్దిగానే. పెద్దగా గోల చేయదని, అప్పుడప్పుడు దీనంగా అరుస్తుందని మాత్రం రాసిపెట్టారు.

1872లో ఆయన చనిపోయారు. 1900 తర్వాత ఆ పక్షి జాడ లేదు. అంతరించిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతగ్గా వెతగ్గా 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, ఒక స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది.

దొరికింది సరే, ఎక్కడెక్కడ ఉంది? పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పక్షిని ఎలా లెక్కపెడతారు? అప్పుడు ఆ అరుపే అక్కరకొచ్చింది. 2000 తర్వాత పరిశోధకులు దాన్ని తొలిసారి రికార్డు చేశారు. రెండక్షరాల పిలుపు. పొద్దుగూకిన ముప్పావు గంటకు మొదలై కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ కాస్త సమయం తప్పితే ఆ రోజుకు అంతే! పొదల మధ్య ఆ టేపు వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవారు. మట్టి పరిచి అడుగుజాడలూ చూశారు.

ఈలోగా తెలుగుగంగ కాలువ పనులు ఆ అడవి దాకా వచ్చాయి. కాలువ నీటి విలువ దుగ్గిరాల వాళ్లకు ఒకరు చెప్పాలా? రైతుకు నీరు కావాలి, ఆ పక్షికేమో వేరే చోటు లేదు. అది ఉన్న చోటును ఆధారాలతో చూపించగలిగారు కాబట్టే కాలువ దారి మార్చారు.

ఇప్పుడు మనిషి కూర్చోనక్కర్లేని రికార్డర్లు వచ్చాయి. చెట్టుకు కట్టి టైము పెడితే రాత్రంతా వింటాయి. కంప్యూటర్ ఆ శబ్దాన్ని గీతల బొమ్మగా మార్చి, కావలసిన పిలుపును వెతికిపెడుతుంది. ఏళ్ల నిశ్శబ్దం తర్వాత 2025 ఆగస్టులో, పక్షి పరిశీలకులు కడప జిల్లాలో కలివి కోడి పిలుపును మళ్లీ రికార్డు చేశారు. ఈసారీ ముందు పనిచేసింది చెవే.

మన ఊళ్లో కలివి కోడి ఉండదు. దాని దూరపు చుట్టం తీతువు మాత్రం ఉంది. అపశకునమని మనం కిటికీ మూసేది దాని అరుపు విన్నప్పుడే. ఈ శనివారం సాయంత్రం మూయకండి. మీ ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పిల్లల చేతికివ్వండి. తేదీ, టైము, చోటు రాసి సోమవారం సైన్స్ టీచరుకు చూపించమనండి.