రోడ్డు కూలి దగ్గర రాజుకున్న మన్యం: అల్లూరి జీవితంలో ఒక పేజీ

నాతవరం పక్కనున్న గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. ఆయన విగ్రహాలకు దండలు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పోరాటం వెనకున్న కూలి డబ్బుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి మేం ఆయన కథను కూలి వైపు నుంచి చెబుతున్నాం.

1897 జూలై 4న పుట్టిన రాజు యువకుడిగానే మన్యం చేరాడు. సన్యాసిగా బతుకుతూ, తాగుడు మానమని, తగాదాలు పంచాయితీల్లోనే తేల్చుకోమని ఆదివాసులకు చెప్పాడు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. పోడు ఉన్నన్నాళ్లూ తక్కువ కూలికి రామని చెప్పగలిగిన మనుషులు, అది పోయాక ఎంతిస్తే అంతకు పనిచేయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్లు వేయించాడు. పని పెట్టేదీ, కూలి కట్టేదీ, కాదంటే శిక్షించేదీ ఒకే అధికారం. న్యాయంగా రావాల్సిన కూలి దక్కలేదు. గాం గంటందొర, మల్లుదొర వంటి ఆదివాసీ నాయకులు రాజుతో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడితో తిరుగుబాటు మొదలైంది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. మరుసటి నెలలో గంటందొర కూడా నేలకొరిగాడు. జైలు నుంచి బయటపడిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజుకు దక్కిన విగ్రహాల్లో ఈ అన్నదమ్ములకు దక్కినవెన్ని?

కూలిని మార్కెట్టే తేలుస్తుందని, కనీస వేతనం పెడితే పనులు పోతాయని నేటికీ వాదిస్తారు. బేరమాడే శక్తి ఇద్దరికీ ఉన్నచోట ఆ మాటకు కొంత విలువ ఉండొచ్చు. భూమి లేనివాడికి, ఊళ్లో ఒకే ఆసామి దగ్గర పని దొరికేవాడికి ఆ శక్తి ఎక్కడిది? కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ 1946లో కనీస వేతనాల బిల్లు ప్రవేశపెట్టాడు. 1948లో అది చట్టమైంది. 1983లో రాజస్థాన్ కరువు పనుల రోడ్డు కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పనిచేయించుకుంటే అది రాజ్యాంగం నిషేధించిన వెట్టేననీ, కరువు పేరు చెప్పి ప్రభుత్వం కూడా తప్పించుకోలేదనీ తేల్చింది.

మన్యం రోడ్డు కూలీలకు అరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన తీర్పది. మన ఊళ్లలో మస్టర్ చూసి కూలి లెక్క అడిగే ప్రతి ఒక్కరి చేతిలో ఇప్పుడది ఉండాలి.