పులి కన్నా ముందు అడవి



ఈ సెలవుల్లో పిల్లల్ని టైగర్ సఫారీకి తీసుకెళ్తున్నారా? అయితే దారిలో వాళ్లకు జిమ్ కార్బెట్ గురించి చెప్పండి.

ఆయన 1875లో నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పోస్ట్‌మాస్టర్. చిన్నప్పుడే తండ్రి పోయారు. కాలాధుంగి అడవే ఆయనకు రెండో బడి. జింక ఎందుకు అరిచింది, కోతులు ఎవరిని చూసి హెచ్చరించాయి, ఈ పాదముద్ర ఎప్పటిది? ఇవన్నీ అక్కడే నేర్చుకున్నారు. పెద్దయ్యాక మొకామా ఘాట్‌లో రైల్వే సరుకు రవాణా పని చూశారు.

1907లో చంపావత్ ఆడపులిని కాల్చారు. అది 436 మందిని చంపిందని లెక్క. తీరా చూస్తే, పాత తూటా దెబ్బకు దాని కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. మామూలుగా వేటాడలేకే అది మనుషుల మీద పడిందని ఆయనకు అర్థమైంది. తప్పు ఎక్కడ మొదలైందో పిల్లల్నే అడగండి!

తర్వాత ఆయన తుపాకీ తగ్గించి కెమెరా పట్టారు. 1936లో మన దేశపు మొదటి నేషనల్ పార్క్ ఏర్పాటుకు తోడ్పడ్డారు. 1947లో కెన్యా వెళ్లి, 1955లో అక్కడే కన్నుమూశారు. 1957లో ఆ పార్క్‌కు ఆయన పేరు పెట్టారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైందీ అక్కడే.

కార్బెట్ అయినా, మన అమ్రాబాద్ అయినా, పులి కనిపించకపోతే డబ్బులు దండగ అనకండి. జీప్ ఆగినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, పిల్లలతో కలిసి రెండు నిమిషాలు అడవిని వినండి.